కడపలో మా మనవడు పోతున్న డేకేర్: ఐదుకు నాలుగు నక్షత్రాలు

పొద్దున వాకింగ్‌కు వచ్చే నా ఈడు వాళ్లలో సగం మంది మనవళ్లను చూసుకునే బాపతే. మా చిన్నోణ్ణి డేకేర్‌లో వేశామని తెలిసినప్పటి నుంచి ఎక్కడ, ఎంత, ఏడుస్తున్నాడా, అన్నం పెడుతున్నారా అని ఒకటే ఆరా. ఒక్కొక్కరికి చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నా. సెంటర్ పేరు మాత్రం రాయను. నడిపే ఆవిడే వద్దన్నారు. "పేరు పెడితే ఫోన్లు ఆగవు సార్. నా దగ్గర చోటు పన్నెండు మందికే. లేదని చెప్పలేక చస్తాను" అన్నారు. ఎర్రముక్కపల్లి వైపు, లోపలి వీధిలో మామూలు డాబా ఇల్లు. కింద సెంటరు, పైన వాళ్ల కాపురం. నిజంగా అవసరమున్నవాళ్లు ఆ వీధుల్లో రెండు చోట్ల అడిగితే చెప్తారు.

ముందు లెక్కలు. ఫీజు ఇప్పటికి నెలకు 4,500. చేరేటప్పుడు 2,000 కట్టించుకుంటారు, అది తిరిగి రాదు. పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం ఆరు దాకా. ఆరు దాటితే ఎక్స్‌ట్రా అడగరు గానీ ఫోన్ చేస్తారు, ఆ గొంతు వింటే మళ్లీ లేటు చేయబుద్ధి కాదు. మూడేళ్లు నిండని పిల్లల్నే తీసుకుంటారు. ముగ్గురు ఆయాలు, ఆవిడ నాలుగో మనిషి. మధ్యాహ్నం పప్పన్నమో రాగిజావో, నాలుగింటికి అరటిపండు. వంట పైన ఇంట్లో చేసి కిందికి తెస్తారు. కారం లేకుండా వండడం కడపలో ఒక విద్య, అది ఆవిడకు బాగానే వచ్చు. ఏసీ లేదు, కూలర్లే. టీవీ లేదు. బొమ్మలు పాతవి, కొన్నిటికి చక్రాలు ఊడిపోయాయి. సీసీ కెమెరా ఉంది గానీ ఫోన్‌లో చూసుకునే యాప్ లేదు. ఇవన్నీ చూసి చాలామంది వెనక్కి పోతారు. పోయేవాళ్లను ఆవిడ ఆపరు.

మా సంగతి చెప్తే గానీ మిగతాది అర్థం కాదు. నేను ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాను. కొడుకు బెంగుళూరులో ఉద్యోగం, శని ఆదివారాలు వస్తాడు. కోడలు మొన్నటి మెగా డీఎస్సీలో ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచరు పోస్టు, కొట్టింది. 16,347 పోస్టుల్లో ఒకటి మా ఇంటికి వచ్చింది. పోస్టింగు మైదుకూరు అవతల ఒక పల్లెలో. చిన్నోడికి అప్పుడు తొమ్మిదో నెల. మా ఇంటామెకు మోకాళ్లు పోయాయి, కింద కూర్చుంటే లేవడానికే మనిషి కావాలి. పాకే పిల్లోణ్ణి వెంటాడే పని ఆమెతో కాదు. నాకు ఒక్కడికే అప్పజెప్పడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు, వాళ్లను తప్పు పట్టను.

2017లో ప్రసూతి సెలవు చట్టం సవరించి 26 వారాలు చేశారు. 50 మంది, అంతకు పైన పనిచేసే చోట క్రెష్, అంటే చంటిపిల్లల్ని చూసుకునే చోటు, పెట్టాలని, తల్లి రోజుకు నాలుగు సార్లు పోయి బిడ్డను చూసుకోవచ్చని కూడా అందులోనే రాశారు. వినడానికి బాగుంది. మావాడు ఉద్యోగం రాకముందే పుట్టాడు, ఆ సెలవు మాకు కుదరలేదు. ఇక ఇద్దరు టీచర్ల బడిలో క్రెష్ ఎక్కడిది? బడి పక్కనే అంగన్‌వాడీ ఉంది. అక్కడ కూర్చోబెట్టుకునేది మూడేళ్లు నిండిన పిల్లల్ని. అంతకంటే చిన్నవాళ్లకు సరుకులు ఇచ్చి ఇంటికి పంపుతారు.

కోడలు డీఎస్సీకి చదివేటప్పుడు బిడ్డను ఒళ్లో వేసుకుని నేను కూర్చునేవాణ్ణి, ఆమె శిశువికాసం బిట్లు పైకి చదివేది. బౌల్బీ, ఐన్స్‌వర్త్, హార్లో అనే పేర్లు అట్లా నా చెవిన పడ్డాయి, తల్లీబిడ్డల బంధం మీద పరిశోధన చేసినవాళ్లు. అరమార్కు కోసం బట్టీ పట్టే పేర్లు. ఆమెకు ఆర్డరు వచ్చాక ఆ పుస్తకాలు నేను తీశాను. పుస్తకంలో రెండు లైన్లే ఉన్నాయి. మిగతాది కొడుకు ఇంగ్లీషులో చదివి నాకు చెప్పుకుంటూ వచ్చాడు. బెంగుళూరు బస్సులో కూర్చుని గంటల తరబడి ఫోన్‌లో వాడికీ నాకూ ఇదే మాట. ఉద్యోగం మానేయమని కోడలికి ఎవరం చెప్పలేం, చెప్పకూడదు కూడా. అందుకని పిల్లోణ్ణి ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోవడమే మా పనైంది.

మొదట వేసింది వేరే చోట. దాని పేరూ రాయను. గాజు తలుపులు, గోడ నిండా రంగు బొమ్మలు, హాల్లో పెద్ద టీవీ, ఫోన్‌లో లైవ్. పొద్దున గేటు దగ్గర బిడ్డను అందుకుని, "మీరు ఆగితే ఇంకా ఏడుస్తాడు సార్, వెళ్లిపోండి" అనేవాళ్లు. తల్లిని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. చిన్నోడు మొదట్లో గొంతు పోయేలా ఏడ్చాడు. అప్పటికే వాడికి కొత్త బాగా ఎక్కువైంది, పక్కింటి ఆమె పలకరిస్తేనే పెదవి విరిచేవాడు. ఆ వయసు అట్లాంటిదే. ఆరేడు నెలల్లో మొదలై పది నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఈ భయం బాగా ముదురుతుంది. మా టైము అక్కడికి సరిగ్గా కుదిరింది.

తర్వాత కొన్నాళ్లకు ఏడుపు ఆగింది. "చూశారా, సెట్ అయిపోయాడు" అని ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది. నేను లైవ్ పెట్టి చూశాను. మిగతా పిల్లలు టీవీ ముందు ఉన్నారు. మావాడు చెప్పుల స్టాండు పక్కన కూర్చుని ఒక ప్లాస్టిక్ స్పూను పట్టుకుని ఉన్నాడు. ఆడటం లేదు, ఊరికే పట్టుకుని ఉన్నాడు. ఒక పాప వచ్చి ఆ స్పూను లాక్కుపోతే కూడా ఏడవలేదు. ఇంట్లో వాడి చేతిలోంచి బిస్కెట్ తీస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు. సాయంత్రం తల్లి వస్తే ముఖం తిప్పుకునేవాడు. రాత్రి మాత్రం ఆమె చున్నీ పిడికిట్లో బిగించుకుని, ఆమె పక్కకు తిరిగితే లేచేవాడు.

బౌల్బీ దగ్గర లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అని ఒకాయన పనిచేశాడు. ఆ రోజుల్లో ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో పిల్లల్ని చేర్పిస్తే తల్లిదండ్రుల్ని వారానికి ఏ ఒక్కరోజో చూడనిచ్చేవాళ్లు. వస్తే పిల్లలు ఏడుస్తారు, వార్డు గోల అవుతుంది అని. రాకపోతే నెమ్మదిగా ఉంటారు. నర్సులూ డాక్టర్లూ దాన్ని సర్దుకుపోవడం అనుకున్నారు. రాబర్ట్‌సన్ అక్కడే కూర్చుని చూసి, అది సర్దుకుపోవడం కాదన్నాడు. మొదట బిడ్డ గొడవ చేస్తాడు. తర్వాత ఆశ వదులుకుని మూగబోతాడు. ఆ పైన మళ్లీ ఆడతాడు, తింటాడు, నవ్వుతాడు గానీ తల్లి వస్తే పట్టించుకోడు. చెప్తే డాక్టర్లు నమ్మలేదు. అందుకని రెండున్నరేళ్లు కూడా నిండని ఒక పాప ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఎట్లా ఉందో సినిమా తీసి 1952లో చూపించాడు. అది చూసి కూడా చాలామంది డాక్టర్లు మండిపడ్డారట. తర్వాత ప్లాట్ కమిటీ అని వేస్తే, తల్లిదండ్రుల్ని ఆపొద్దు, రానివ్వండి అని 1959లో వాళ్లు రిపోర్టు ఇచ్చారు.

డేకేర్ ఆసుపత్రి కాదు, సాయంత్రానికి తల్లి వస్తుంది. రెండూ ఒకటని నేననడం లేదు. కానీ ఏడుపు ఆగితే అలవాటైనట్టు లెక్క కాదన్న ఒక్క ముక్క నాకు పట్టుకుంది. ఏడ్చే పిల్లోడు ఇంకా అడుగుతున్నాడు. అడగడం మానేసిన పిల్లోణ్ణి చూసి సంతోషపడే చోట మావాణ్ణి ఉంచబుద్ధి కాలేదు. అక్కడ పాల సీసాను దిండుకు ఆనించి నోట్లో పెట్టి వేరే పనికి పోతారని కూడా ఆ లైవ్‌లోనే చూశాం. వేళకు పాలు పడుతున్నారు కదా అంటే పడుతున్నారు. హార్లో అనే ఆయన 1950ల్లో కోతి పిల్లలకు రెండు బొమ్మ తల్లుల్ని పెట్టాడు. పాలసీసా ఉన్న తీగల బొమ్మ ఒకటి, మెత్తటి గుడ్డ చుట్టిన బొమ్మ ఒకటి. పిల్లలు పాలు తాగడానికి తీగల దాని దగ్గరికి పోయి, తాగేసి గుడ్డ బొమ్మను కరుచుకుని ఉండేవి. ఆ కోతి పిల్లల గతి తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది, అట్లాంటి ప్రయోగాలు ఇప్పుడు చేయనివ్వరేమో. బిడ్డకు పాలొక్కటే చాలవన్న ఆ ఒక్క సంగతి మాత్రం మన పల్లెల్లో ఏ అవ్వనడిగినా చెప్పేదే.

ఇక ఈ సెంటరు. ఆవిడ బెంగుళూరులో ఒక పెద్ద కంపెనీ క్రెష్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చారు. మేం పోయినప్పుడు ఫీజు మాట ఎత్తలేదు. రాత్రి ఎవరి పక్కన పడుకుంటాడు, నిద్రకు ఏం పట్టుకుంటాడు, ఏడిస్తే ఎవరు ఎత్తుకుంటే ఊరుకుంటాడు, ముద్దుగా ఏమని పిలుస్తారు అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నారు. తర్వాత, "మొదటి మూడు రోజులు వదిలేది లేదు, అమ్మ కూడా ఇక్కడే కూర్చోవాలి. ఆ తర్వాత కూడా వారం పది రోజులు ఇంట్లో ఎవరో ఒకరు అందుబాటులో ఉండాలి. కుదరదంటే చేర్చుకోను" అన్నారు. బడికి సంక్రాంతి సెలవులు ఎక్కువ, సెంటర్‌కు పండగ మూడు రోజులే. అది కలిసొచ్చింది.

ఆ మొదటి రోజుల్లో నేనూ ఒక కుర్చీలో కూర్చున్నాను కాబట్టి కళ్లారా చూసింది చెప్తా. ఆయమ్మ మావాణ్ణి ఎత్తుకోవడానికి చెయ్యి చాపలేదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో గోడకు ఆనుకుని కూర్చుని, చింతగింజలు పోసి మూత బిగించిన ఒక స్టీలు డబ్బాను నేల మీద అటూ ఇటూ దొర్లించుకుంటూ ఉంది. వాడి వైపు చూడను కూడా చూడలేదు. వాడు తల్లి తొడ పట్టుకుని దొంగచూపులు చూశాడు. డబ్బా ఒకసారి వాడి కాలి దాకా దొర్లింది. వాడు దాన్ని ముట్టుకుని, తల్లి ముఖం చూసి, మళ్లీ ముట్టుకున్నాడు. ఆయమ్మ "ఇస్తావా నాయనా" అని చెయ్యి పట్టింది. ఇవ్వలేదు. సరేనని ఆమె ఇంకో డబ్బా తీసుకుంది. ఆ రోజుకు అంతే. మరుసటి రోజు వాడే డబ్బా తీసుకుని పాక్కుంటూ ఆమె దగ్గరికి పోయాడు. పాలు తల్లి ఎదురుగానే ఆయమ్మ పట్టింది. ఒంటికి పోతే బట్టలు మార్చింది కూడా ఆమే. తల్లి లేచి సాయం చేయబోతే ఆవిడ కళ్లతోనే కూర్చోమన్నారు.

నాలుగో రోజు కోడలు వాడి ఎదురుగా కూర్చుని, "అమ్మ బయటికి పోయి వస్తుంది నాన్నా" అని చెప్పి వరండాలోకి వచ్చింది. వాడు ఏడ్చాడు. ఆయమ్మ ఎత్తుకుంటే విల్లులా వెనక్కి విరుచుకున్నాడు. ఆమె కంగారు పడలేదు, ఆడు ఆడు అని బొమ్మలు చూపించలేదు. "అమ్మ కావాలా, అమ్మ వస్తుంది, అమ్మ కావాలా" అంటూ అటూ ఇటూ నడిచింది. కాసేపటికి వాడు ఆమె భుజం మీద ముఖం పెట్టాడు. ఆవిడ నా వైపు చూసి, "ముఖం పెట్టాడు సార్. ఇక పని అవుతుంది" అన్నారు. జర్మనీలో ఈ పద్ధతికి బెర్లిన్ నమూనా అని పేరే ఉందట. మొదటి మూడు రోజులు విడదీయరు. నాలుగో రోజు కొన్ని నిమిషాలు తల్లి బయటికి పోతుంది. ఆ కొత్త మనిషి ఊరడిస్తే బిడ్డ ఊరుకున్నాడా లేదా అన్నదాన్ని బట్టి మిగతా రోజులు లెక్కేస్తారు. ఊరుకోకపోతే ఇంకో వారం.

ఇంట్లో దీని మీద గొడవే అయింది. "బిడ్డ కళ్లుగప్పి పోవాలి గానీ, చెప్పి మరీ ఏడిపిస్తారా ఎవరైనా?" అని మా ఇంటామె. మన ఇళ్లలో అందరం చేసేది అదే కదా, కాకిని చూపించి వెనక గుమ్మం గుండా జారుకోవడం. ఆవిడ ఈమెను కూర్చోబెట్టి చెప్పారు. "ఎనిమిది తొమ్మిది నెలలకు, కనపడకపోయినా అమ్మ ఎక్కడో ఉందని తెలుస్తుందమ్మా. మళ్లీ వస్తుందని మాత్రం ఇంకా తెలియదు. చెప్పకుండా మాయమైతే ఎప్పుడు మాయమవుతుందోనని ఇంట్లో కూడా కొంగు వదలడు. చెప్పి పోయి, చెప్పినట్టు వస్తే, పోవడం రావడం రెండూ ఒకటే పాఠమని నేర్చుకుంటాడు." మా ఇంటామె ఒప్పుకున్నట్టు పైకి అనలేదు. కానీ ఇప్పుడు గుడికి పోతూ కూడా వాడికి చెప్పే పోతుంది.

పొద్దున అప్పగింత నాకు బాగా నచ్చిన పని. డ్యూటీ మారేటప్పుడు ట్రే, క్యాష్ బ్యాగు లెక్క చూసి చేతికి చేతికి ఇచ్చినట్టు ఉంటుంది. రాత్రి ఎన్నిసార్లు లేచాడు, ఏం తిన్నాడు, విరేచనం అయిందా, పన్ను వస్తోందా అన్నీ ఆయమ్మ అడుగుతుంది. తర్వాతే బిడ్డ. నేల మీద దింపరు, గేటు పైనుంచి అందుకోరు, తల్లి చేతిలోంచి ఆయమ్మ చేతిలోకే. తల్లి వాడిన చున్నీ ఒకటి ఉతక్కుండా సంచిలో పెట్టమంటారు, నిద్ర వేళకు అది పక్కన వేస్తారు. ఉతికి పంపితే వెనక్కి పంపించారు ఒకసారి, వాసన పోయిందని.

సాయంత్రం రూలు ఇంకొకటి. వచ్చినవాళ్లు ఫోన్ లోపల పెట్టేసి, చెప్పులు విడిచి, కాసేపు కింద కూర్చోవాలి. బండి స్టార్ట్ చేసి ఉంచి బిడ్డను గుంజుకుని పోవడం కుదరదు. మొదట్లో కోడల్ని చూసి మావాడు ఉరికి రాలేదు. వచ్చి ఆమె చేతి మీద రెండు దెబ్బలు వేసి, ఆ తర్వాత మెడ కరుచుకుని ఏడ్చాడు. కోడలు బెదిరిపోయింది. ఆవిడ నవ్వి, "కొట్టనీ మేడం. పొద్దున్నుంచి దాచుకున్న కోపం మీకే ఇస్తున్నాడు" అన్నారు. ఐన్స్‌వర్త్ పరీక్ష కూడా దాదాపు ఇదే కదా. ఒక గదిలో ఏడాది పిల్లోణ్ణి, తల్లిని ఉంచి, మధ్యలో రెండుసార్లు తల్లిని బయటికి పంపించి చూస్తారు. ఇరవై నిమిషాల పని. పోయినప్పుడు ఎంత ఏడ్చాడన్నది అందులో ముఖ్యం కాదు. తిరిగి వచ్చినప్పుడు తల్లి దగ్గరికి పోయి ఊరట పొందాడా, ముఖం తిప్పుకున్నాడా అన్నదే చూస్తారు. మొదటి సెంటర్ రోజుల్లో మావాడు ముఖం తిప్పుకున్నది నాకు అప్పుడు గుర్తొచ్చింది. రెండు దెబ్బలు తినడమే నయం.

ఇంటికి తెచ్చాక సాయంత్రాలు మాత్రం కష్టంగానే ఉంటాయి, అది దాచను. చిన్నదానికి పెద్ద రాద్ధాంతం చేస్తాడు. ఉమ్ములో స్ట్రెస్ హార్మోను కొలిచి చూసిన పరిశోధనలున్నాయి. ఇంట్లో ఉన్న రోజు అది పొద్దుటి నుంచి సాయంత్రానికి తగ్గుతుంది. రోజంతా డేకేర్‌లో ఉన్న చిన్నపిల్లల్లో చాలామందికి మధ్యాహ్నానికి పెరుగుతుంది, చూసుకునే తీరు బాగాలేని చోట ఇంకా ఎక్కువ. అంటే అక్కడ బాగున్నాడంటే కష్టపడి బాగున్నాడని. అందుకే ఆవిడ సాయంత్రం షాపింగులూ పెళ్లిళ్లూ పెట్టుకోవద్దంటారు. కడపలో పెళ్లిళ్ల సీజన్‌లో ఈ మాట చెప్పడానికి ధైర్యం కావాలి.

మా బంధువుల్లో ఒకాయన ఇంటికి వచ్చి, "తల్లి ఉద్యోగానికి పోతే పిల్లలు చెడిపోతారని అమెరికావాళ్లే తేల్చారు" అని కోడలు వినేలా అన్నాడు. అమెరికావాళ్లు తేల్చింది వేరే. 1991లో మొదలుపెట్టి 1,300 మందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచి ఏళ్ల తరబడి చూశారు. డేకేర్‌లో ఉన్నంత మాత్రాన తల్లీబిడ్డల బంధం తెగదని తేలింది. ఇంట్లో తల్లి బిడ్డను ఎంత పట్టించుకుంటుందన్నదే ఎక్కువ పని చేసింది. ఇంట్లోనూ పట్టించుకోక, బయట కూడా నాసిరకం చోటైతే అప్పుడు దెబ్బ. మరీ ఎక్కువ గంటలు బయట ఉన్నవాళ్లలో మొండితనం కాస్త ఎక్కువ కనిపించింది, అదీ నిజమే. ఆయనకు ఇదంతా చెప్పాను. తండ్రి బెంగుళూరులో ఉంటే ఏమవుతుందని మాత్రం ఆయన అడగలేదు.

బిడ్డకు కావలసింది కన్నతల్లే అని కాదు, తనది అనుకునే ఒక మనిషి. ఆ ఒక్కరూ లేకపోతే ఏమవుతుందో రుమేనియాలో చూశారు. 1989 చివర ఆ దేశపు నియంత చౌసెస్కు పోయాక అక్కడి అనాథాశ్రమాల్లో లక్షకు పైగా పిల్లలు బయటపడ్డారు. షిఫ్టుల్లో మారే ఆయాలు, ఒక్కొక్కరి కింద పది పన్నెండు మందికి పైనే. తిండి ఉంది, ఉయ్యాల మంచం ఉంది, ఎవరి బిడ్డా కాదు. బుకారెస్టులో 136 మంది పిల్లలతో ఒక పెద్ద అధ్యయనం నడిచింది. చీటీ వేసినట్టు సగం మందిని పెంపుడు ఇళ్లకు పంపారు. ఇళ్లకు పోయినవాళ్లు తెలివిలోనూ, మనుషులతో మెలగడంలోనూ పైకి వచ్చారు. రెండేళ్ల లోపు పోయినవాళ్లు ఎక్కువ తేరుకున్నారు. మన డేకేర్‌లు ఎంత అధ్వాన్నమైనా ఆ లెక్కలోకి రావు. కానీ ఈ సెంటర్‌లో ఒక్కో ఆయాకు నలుగురు పిల్లలే, ఆ నలుగురూ ఆమెవాళ్లే అన్న ఏర్పాటు చూసి నేను మురిసిపోయింది అందుకే. ఏడాదిలోపు పిల్లలకు ముగ్గురికి ఒకరు, ఆపైన నలుగురికి ఒకరు ఉండాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం అంటుంది. కడపలో లోపలి వీధిలో ఆ లెక్క దొరకడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు కోసిన నక్షత్రం సంగతి.

ఎండాకాలం మొదట్లో మావాడి ఆయమ్మకు కువైట్ వీసా వచ్చింది. ఆమెకు ఇద్దరు పిల్లలు, చిన్నదానికి నాలుగేళ్లు. వాళ్లను రాయచోటి దగ్గర తల్లి ఇంట్లో వదిలి పోయింది. కువైట్‌లో ఎవరి ఇంట్లోనో ఎవరి పిల్లల్నో చూసుకోవడానికి. నూటపది దినార్లు అంది, మన లెక్కలో ముప్పై వేలు. ఇక్కడ ఆమె జీతం 9,000.

నేను రాయచోటి లైన్లో, మద్రాసు లైన్లో పనిచేసినవాణ్ణి. కువైట్‌కు పోయే ఆడవాళ్లు నాకు కొత్త కాదు. రాత్రి బస్సుకు ఊరు ఊరంతా సాగనంపడానికి వచ్చేది. పెద్దపిల్లలు ఏడ్చేవాళ్లు, చంటిపిల్లను మాత్రం నిద్రపుచ్చి ఇంట్లోనే ఉంచి వచ్చేవాళ్లు, చూస్తే పోలేమని. గువ్వలచెరువు దగ్గర బస్సు ఆగితే అందరూ పాలకోవాకు దిగేవాళ్లు, వాళ్లు సీట్లోనే కూర్చుని పాలు కట్టిన రొమ్ములు కొంగుతో అదిమి పెట్టుకున్నది నేను చూశాను. ఇళ్లల్లో పనికి గల్ఫ్ పోవాలంటే ఆడమనిషికి ముప్పై ఏళ్లు నిండాలని మన ప్రభుత్వం రూలు. ముప్పై దాటిందంటే ఇంట్లో పిల్లలుండే వయసే. రెండేళ్లకో మూడేళ్లకో వస్తే, పిల్ల అవ్వ వెనక దాక్కుని "ఆమె ఎవరు" అని అడిగేది. ఆ పిల్లలు అందరూ చెడిపోలేదు. అవ్వ గట్టిది అయినచోట బాగా పెరిగారు, ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. ఈ అత్త దగ్గర నాలుగు నెలలు, ఆ మామ దగ్గర ఆరు నెలలు అని తిప్పినవాళ్ల సంగతే వేరు.

ఆవిడ ఈ మార్పును బాగానే నడిపారు, అది చెప్పాలి. నెల ముందే మాకు చెప్పి, కొత్త ఆయాను పెట్టుకుని, ఇద్దర్నీ కొన్ని వారాలు కలిపి ఉంచారు. మళ్లీ అదే చింతగింజల డబ్బా. చివరి రోజు పాత ఆయమ్మ నలుగురు పిల్లలకూ చెప్పే పోయింది. అయినా మావాడు చాలా రోజులు గేటు చప్పుడైతే తల తిప్పి చూశాడు, రాత్రిళ్లు మళ్లీ లేవడం మొదలైంది. కొత్తామె మంచిదే, ఇప్పుడు కుదురుకున్నాడు. కానీ మిగతా ఇద్దరు ఆయాలు ఎన్నాళ్లు ఉంటారో ఎవరు చెప్పగలరు? ఒక మనిషి మీదే నిలబెట్టిన ఏర్పాటులో ఆ మనిషి నిలవకపోతే అదే పెద్ద లోపం. ఒక నక్షత్రం అందుకు పోయింది. దోషం ఆవిడది సగం కూడా కాదు.

ఊరుకోలేక లెక్క వేశాను. పన్నెండు మంది, 4,500 చొప్పున 54,000. అందులో ముగ్గురు ఆయాలకు 27,000. పాలు, కూరగాయలు, కరెంటు, గ్యాసు, ఆవిడ కష్టం మిగతాదాంట్లో. మిగిలేది పెద్దగా ఏమీ లేదు. మొన్న తల్లిదండ్రులందరూ కలిసినప్పుడు నేనే లేచి, "తలా ఐదొందలు ఎక్కువ ఇద్దాం, ఆ ఆరువేలు అచ్చంగా ఆయాలకే పోవాలి, మనిషికి రెండువేలు పెరుగుతుంది. కువైట్‌తో పోటీ పడలేం గానీ, పక్క వీధి షాపులో సేల్స్‌కు పోకుండా అయినా ఉంటారు" అన్నాను. చాలామంది సరేనన్నారు. ఇద్దరు మాత్రం, ఎక్కువ కట్టేదైతే ముందు ఏసీ పెట్టించమన్నారు. కడప ఎండకు వాళ్ల మాటా కొట్టిపారేయలేం.

జూన్ నుంచి ఫీజు 5,000 అని రాత్రి ఆవిడ మెసేజ్ పెట్టారు. ఏసీ ఊసు అందులో లేదు. ఒక పాపకు మూడేళ్లు నిండి బడికి పోతోంది, ఆ ఒక్క చోటే ఖాళీ. అడగదలుచుకున్నవాళ్లు పొద్దున పది తర్వాత పొండి. అంతకు ముందు పోతే అప్పగింతల్లో ఉంటారు, మాట్లాడరు.